తలగడలో దాగిన గ్రంథము



రంగూను పేరు మన పల్లెలకు క్రొత్తది కాదు. మన తాతల కాలమున సముద్రతీరపు జిల్లాలనుండి అనేకులు కూలిపనికై ఓడలెక్కి అక్కడకు వెళ్లిరి. వారికంటె ఎంతో ముందు, 1813వ సంవత్సరము జూలై నెలలో, మద్రాసునుండి ఓడలో ఆ పట్టణము చేరిన అదోనీరాము జడ్సన్ దొరగారి జీవితమును ఈ నెల మేము తలపోయుచున్నాము.

ఆయన 1788లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున జన్మించెను. 1807లో కళాశాలలో తన తరగతికి మొదటివాడుగా పట్టము పొందెను. అంత చదివినవాడు బర్మాలో మరల ఓనమాలు దిద్దవలసివచ్చెను. ఇంగ్లీషు రాని ఉపాధ్యాయునియొద్ద కూర్చుండి ఒక్కొక్క మాట నేర్చుకొనెను. బర్మా అక్షరములు మన అక్షరములవలెనే గుండ్రముగా నుండును. గాని మాటకు మాటకు నడుమ ఖాళీ విడువరు. ఒక మాట ఎక్కడ ముగియునో క్రొత్తవానికి తెలియదు. సెమినరీలో గ్రీకు నేర్చుకొన్న దినములలో మేము ఒక్క మాసమునకే విసిగితిమి. ఆయనయో ఆరేండ్లు శ్రమించి, 1819లో గాని మొదటి బర్మీయునికి బాప్తిస్మమియ్యలేదు.

1823లో క్రొత్త నిబంధన తర్జుమా ముగిసెను. మరుసటి యేట ఆంగ్లేయులకును బర్మా రాజునకును యుద్ధము కలిగెను. గూఢచారియను అనుమానముతో ఆవా నగరములో ఆయనను సంకెళ్లతో బంధించిరి. భార్యయైన ఆన్ దొరసానిగారు ఆ వ్రాతప్రతిని మొదట నేలలో పాతిపెట్టెను. వానలకు చెడునని భయపడి దానిని తీసి, ఎవరును ఆశింపని గట్టి తలగడలో కుట్టి చెరసాలకు పంపెను. ఖైదీలను వేరొక చోటికి తరలించిన దినమున, కావలివాడొకడు పైకప్పు ఊడదీసికొని, లోపలి ప్రత్తిని పారవేసెను. మాంగ్ ఇంగ్ అను విశ్వాసి దానిని దొరగారి జ్ఞాపకార్థముగా ఇంటికి తీసికొనిపోయెను. కొన్ని నెలల తరువాత చూడగా వ్రాతప్రతి చెడక లోపలనే యుండెను!

అయితే గ్రంథము దక్కినను, ఇల్లు దక్కలేదు. 1826లో దొరసానిగారును, మరు సంవత్సరము పసిబిడ్డయు మరణించిరి. ఆయన అడవిలో గుడిసె వేసికొని, తన సమాధి గొయ్యి తానే త్రవ్వుకొని, దేవుడు కనబడుటలేదని కుమిలెను. విశ్వాసులకు చీకటి రాదని మేము చెప్పము. ఆయనకు వచ్చెను. అయినను మరల బల్లయొద్ద కూర్చుండి, 1834లో పరిశుద్ధ గ్రంథమంతయు తర్జుమా ముగించెను. 1850లో ఓడమీద మరణించగా సముద్రమే ఆయనకు సమాధి ఆయెను. ఆయన శ్రమించిన బర్మా నిఘంటువు 1852లో వెలువడెను.

ఆయన పేరిటి కళాశాల 1920లో రంగూను విశ్వవిద్యాలయములో భాగమాయెను. నేడు ఆ దేశపు యువకులు కంప్యూటరు శాస్త్రమును ఉన్నత విద్యగా చదువుచున్నారు. యంత్రమునకు తమ భాష నేర్పబోవు వారికి, మాటల నడుమ ఖాళీ లేని ఆ పాత చిక్కే ఎదురగుచున్నది. సాధనములు మారినను ఓర్పుతో చేయవలసిన పని మారలేదు.

ప్రియులారా, పౌలు బంధకములలో నుండి వ్రాసిన పత్రికలు మనకు చేరినవి. జడ్సన్ గారి తలగడలోని మాటలును బర్మా ప్రజలకు చేరినవి. మన తలగడ ప్రక్కనున్న గ్రంథము తెరువబడుచున్నదా? ఈ నెలలో చదువురాని పొరుగువారి ప్రక్కన కూర్చుండి, ఒక్క అధ్యాయమైనను నెమ్మదిగా చదివి వినిపింతము.