ఛార్లెస్ కెట్టరింగు జీవిత సంగ్రహము

కాల మెఱిఁగి చేసిన స్వల్పకార్యమైనను ఫలించును. కాలము దప్పిన మహాప్రయత్నమును వ్యర్థమగును. ఈ సత్యమును మోటారుబండి యంత్రమున నిరూపించిన బుద్ధిశాలి అమెరికాదేశస్థుఁడగు ఛార్లెస్ ఫ్రాంక్లిన్ కెట్టరింగు. ఈ సంచికను జదువు సోదరులలో బండ్లు నడుపువారు పలువురు; బండిని నడపించు నిప్పురవ్వ చరిత్ర నెఱిఁగినవారు కొలఁదిమంది. కావున నాయన చరిత్రమును సంగ్రహముగా వ్రాయఁబూనితిమి.

కెట్టరింగు 1876వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీని, ఒహాయో రాష్ట్రమున లౌడన్‌విల్ అను నూరి చేరువను, సేద్యము చేసికొను కుటుంబమున జన్మించెను. బాల్యమునుండియు నేత్రదౌర్బల్య మాయనను బాధించెను. అయినను విద్యాతృష్ణ తగ్గలేదు. కొంతకాలము పల్లెబడిలో నుపాధ్యాయుఁడుగా నుండి, పిమ్మట ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమునఁ జేరెను. కన్నులు సహకరింపక చదువు మాని, టెలిఫోను తీగలు వేయు పనివారితోఁ గలసి స్తంభములకు గోతులు త్రవ్వెను. మరల విశ్వవిద్యాలయమునకుఁ బోయి 1904లో విద్యుచ్ఛాస్త్రమునఁ బట్టమందెను. జీవితమంతయు బడిలోఁ గడపిన మా కీ ఘట్టము మిక్కిలి ప్రియమైనది.

తరువాత డేటన్ నగరమున నేషనల్ క్యాష్ రిజిస్టరు కంపెనీలోఁ జేరి, చేతితోఁ ద్రిప్పు పైకపు యంత్రమునకు చిన్న విద్యున్మోటారు నమర్చెను. 1909లో ఎడ్వర్డు డీడ్సు అను మిత్రునితోఁ గూడి డెల్కో సంస్థను స్థాపించెను. డీడ్సు ఇంటి వెనుకనున్న కొట్టమే వారి తొలి కార్యశాల.

ఆ కొట్టమున సాధించిన దేమో తెలియుటకు యంత్రధర్మమును గొంచెము వివరింపవలెను. సిలిండరులో పెట్రోలును గాలియుఁ గలిసిన మిశ్రమమును పిస్టను పైకి వచ్చుచు నొత్తును. ఆ మిశ్రమము మండి పిస్టనును గ్రిందికి నెట్టును. పిస్టను పైకొనకుఁ జేరినప్పుడే నిప్పురవ్వ పుట్టిన చాలునని తోఁచును. కాని జ్వాల వ్యాపించుటకుఁ గొంత కాలము పట్టును. కావున రవ్వ కొన్ని డిగ్రీలు ముందే పుట్టవలెను. నిమిషమునకు 3,000 చుట్లు తిరుగు ఇరుసు ఒక్క డిగ్రీ కదలుటకు సెకనులో 18,000వ వంతు మాత్రమే పట్టును. రవ్వ ఆలస్యమైన బలము తగ్గి యంత్రము వేఁడెక్కును. మిక్కిలి ముందైన యంత్రము టకటక కొట్టుకొనును. పూర్వము నడుపువాఁడు చక్రముకడ నున్న మీటతో నీ కాలమును దిద్దుకొనుచుండెను. బండి నారంభించునపుడు దానిని వెనుకకుఁ ద్రిప్ప మఱచిన, చేతిపిడి యెదురుతన్ని మణికట్టు విఱిగెడిది.

కెట్టరింగు బ్యాటరీని మూలముగాఁ గొనిన రవ్వసాధనమును గల్పింపఁగా, 1910 నాఁటి కాడిలాక్ బండ్లలో నది ప్రవేశించెను. ఆ పద్ధతి క్రమముగా నిట్లు స్థిరపడెను: కాంటాక్టు పాయింట్లు విడిపోయిన క్షణమునఁ గాయిలులో నధికశక్తి పుట్టి, డిస్ట్రిబ్యూటరు ద్వారమున తగిన ప్లగ్గునకుఁ జేరును. 1912 నాఁటి కాడిలాక్ బండ్లకు విద్యుత్తుతో నడచు స్టార్టరును సమకూర్చి, చేతిపిడి యపాయమును గూడ తొలఁగించెను.

నేఁటి బండ్లలో నీ కాలనిర్ణయము కంప్యూటరు పని. పాత బండ్లను బ్రేమతోఁ గాపాడుకొనువారు మాత్ర మిట్లు చేయుదురు. మొదట పాయింట్ల యెడమును సరిచేయుదురు. ఎడము మాఱినచోఁ గాలమును మాఱును గదా. పిదప మొదటి సిలిండరు పిస్టను మిశ్రమము నొత్తుచుఁ బైకి వచ్చునట్లు యంత్రమును చేతితోఁ ద్రిప్పి, కప్పీమీఁది గుర్తును సూచికకు నెదురుగా నిలుపుదురు. డిస్ట్రిబ్యూటరు బిగింపును వదలించి, పాయింట్లు అప్పుడే విడివడునట్లు దానిని మెల్లగాఁ ద్రిప్పుదురు. పాయింట్లకుఁ గలిపిన చిన్న దీపము వెలిఁగిన చోటనే దానిని బిగింతురు.

యంత్రములు కొట్టుకొనినపుడు కొందఱు కెట్టరింగు రవ్వసాధనమునే నిందించిరి. ఆయన కోపింపక కారణమును వెదకించెను. పెట్రోలు గుణమే ముఖ్యదోషమని తేలెను. 1920 నుండి ఆయన జనరల్ మోటార్సు పరిశోధనశాల కధిపతి. అచట థామస్ మిడ్జ్‌లీ 1921 డిసెంబరులో సీసముతోఁ గూడిన యొక ద్రవ్యమును పెట్రోలునఁ గలిపి, యంత్రము కొట్టుకొనుట మాన్పెను.

చరిత్ర వ్రాయువాఁడు గుణములనే చెప్పి దోషములను దాఁచరాదు. 1924లో న్యూజెర్సీ రాష్ట్రమున నా ద్రవ్యమును జేయు పనివారైదుగురు విషముచే మరణించిరి. ఆలిస్ హామిల్టన్ మొదలగు వైద్యులు హెచ్చరించినను, అమ్మకము కొంతకాలమాగి 1926లో మరల సాగెను. కెట్టరింగు ఆ ద్రవ్యపక్షముననే నిలిచెను. మన దేశమున సీసపు పెట్రోలు 2000లోను, ప్రపంచమున రోడ్డుబండ్లకు 2021లోను నిలిచిపోయెను. నిప్పునకుఁ దగిన క్షణము నెఱిఁగిన మేధావి, హెచ్చరికను వినవలసిన క్షణము నెఱుఁగఁడయ్యెను. అనేక దేశముల బిడ్డలు దాని ఫలము ననుభవించిరి.

1945లో న్యూయార్కు నగరమున క్యాన్సరు పరిశోధనకై యేర్పడిన స్లోన్-కెట్టరింగు సంస్థ కాయన పేరు కలదు. 1947లో పరిశోధనాధిపత్యమును వదలి, 1958 నవంబరులోఁ బరమపదించెను.

కన్నులు చెడినను చదువు విడువని పట్టుదల యువకులకును, కొట్టమిచ్చి మిత్రుని ప్రయత్నమును నిలిపిన డీడ్సు ఔదార్యము పోషకులకును ననుసరింపఁదగినవి. ఆయన పొరపాటు మనకందఱకును హెచ్చరిక. కాలజ్ఞత యంత్రమునకే గాక దానిని జేసినవానికిని గావలయును.