మాడపాటి హనుమంతరావు

మాడపాటి హనుమంతరావు (జనవరి 22, 1885 - నవంబరు 11, 1970) నిజాం రాష్ట్రంలో తెలుగువారి ప్రజాజీవితానికి పునాది వేసిన ప్రముఖులలో ఒకడు. న్యాయవాది, కథకుడు, గ్రంథాలయోద్యమ కార్యకర్త, హైదరాబాదు నగర తొలి మేయరు. ఆంధ్రపితామహుడనే బిరుదుతో ప్రసిద్ధుడు. హైదరాబాదులో చిక్కడపల్లి, అశోక్ నగర్‌లకు సమీపాన ఉన్న నారాయణగూడలో ఆయన స్థాపించిన బాలికల పాఠశాల నేడు ఆయన పేరుతోనే పిలువబడుతోంది.

బాల్యం, ఉద్యోగం

హనుమంతరావు కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో జన్మించాడు. సూర్యాపేటలో మేనమామ ఇంట పెరిగి ఉర్దూ, పారశీకం చదువుకున్నాడు. హనుమకొండలో విద్యాశాఖ ఉద్యోగిగా ఉంటూ అక్కడి రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం పనులలో పాలుపంచుకున్నాడు. 1912లో ఆయన రాసిన "హృదయశల్యము" తెలంగాణ తొలి కథలలో ఒకటిగా పేరు పొందింది.

తరువాత హైదరాబాదు చేరి ప్రభుత్వంలో అనువాదకుడిగా పనిచేశాడు. ఆపై ఆ కొలువు వదలి వకీలు వృత్తి చేపట్టాడు. ప్రభుత్వ చట్టాలు, గస్తీలు (ఉత్తర్వులు) ఏ భాషలో, ఏ తీరున ఉంటాయో లోపలినుండి తెలిసిన ఈ అనుభవమే ఆయన తరువాతి ప్రజాసేవకు ముఖ్యమైన పనిముట్టు అయింది.

రెండు పాలనల నగరం

నాటి హైదరాబాదులో రెండు పాలనలు ఉండేవి. మూసీకి ఉత్తరాన బ్రిటిషు రెసిడెన్సీ చుట్టూ ఉన్న బజార్లలో జనుల రోజువారీ వ్యవహారాలు రెసిడెంటు అధికారం క్రింద నడిచేవి. మిగిలిన నగరం నిజాం ప్రభుత్వానిది. 1933లో ఈ బజార్లు తిరిగి నిజాం పాలనలోకి వచ్చాయి. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసినది ఈ రెసిడెన్సీ ప్రాంతంలోనే. రెసిడెంటుకు తెలుగుపై అభిమానం ఉండి కాదు. నిజాం అధికారుల ఆంక్షలు అక్కడ సూటిగా వర్తించకపోవడమే అందుకు కారణం. హనుమంతరావు ఈ నిలయానికి చిరకాలం సేవచేశాడు.

ఆంధ్రజనసంఘం, వెట్టిచాకిరి

1921 నవంబరులో వివేకవర్ధని నాటకశాలలో మహర్షి కార్వే అధ్యక్షతన సంఘసంస్కరణ సభ జరిగింది. అందులో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికులు గేలిచేసి ఆయనను మాట్లాడనివ్వలేదు. ఈ అవమానం ఫలితంగా టేకుమాల రంగారావు ఇంట ఆంధ్రజనసంఘం ఏర్పడింది. దీనిని నిలబెట్టిన ముఖ్యులలో హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, మందుముల నరసింగరావు, ఆదిరాజు వీరభద్రరావు ఉన్నారు.

గస్తీ నిషాన్ 53 ప్రకారం సభ జరపాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి పొందాలి. పాలన ఉర్దూలో, ప్రజలలో అధికసంఖ్యాకుల భాష తెలుగు. పర్యటనకు వచ్చిన అధికారికి గ్రామస్థులు కట్టెలు, పాలు, మంచాలు ఇచ్చి, సామాను మోసి, కూలి లేకుండా చాకిరీ చేయవలసివచ్చేది. వర్తకులు సరుకులను తక్కువ ధరకు ఇచ్చుకోవలసివచ్చేది. వీటిని కట్టడిచేసే గస్తీలు ప్రభుత్వ దస్త్రాలలోనే ఉన్నాయి, కాని అవి ఉన్నట్లు గ్రామస్థునికి తెలియదు. వెట్టిచాకిరి, వర్తక స్వాతంత్ర్యం వంటి విషయాలపై సంఘం తెలుగులో చిన్నపుస్తకాలు ప్రచురించి పంచింది. తన గ్రామంలో జరుగుతున్నది సర్కారు ఉత్తర్వుకే విరుద్ధమని చూపే కాగితం రైతు చేతికి అందడం అదే మొదలు.

ఈ సంఘమే పెరిగి ఆంధ్రమహాసభ అయింది. దాని ప్రథమ సభ 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. 1935లో సిరిసిల్లలో జరిగిన నాలుగవ సభకు హనుమంతరావు అధ్యక్షుడు.

బాలికల పాఠశాల

హనుమంతరావు చేసిన పనులన్నింటిలో ఎక్కువ కాలం నిలిచినది 1928లో ప్రారంభించిన ఆంధ్ర బాలికల పాఠశాల. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో జరిగేది. తెలుగు మాధ్యమంలో ఉన్నత పాఠశాల నడిపితే అందులో చదివిన బాలికలకు పరీక్ష ఎవరు పెట్టాలన్నది పెద్ద చిక్కు. గుర్తింపు లేని చదువుకు ఆడపిల్లలను పంపమని తల్లిదండ్రులను ఒప్పించడం మరింత కష్టం. గుర్తింపు కోసం ఉర్దూ మాధ్యమానికి మారడం ఒక దారి. హనుమంతరావు ఆ దారి పట్టలేదు. మాతృభాషలో బోధనను అంగీకరించే కార్వే మహిళా విశ్వవిద్యాలయానికి (1916లో స్థాపితం) పాఠశాలను అనుబంధించాడు. ఆ విధంగా నారాయణగూడ బాలికలు రాజ్యం వెలుపలి విశ్వవిద్యాలయపు పరీక్షలకు తెలుగులో చదివి కూర్చున్నారు. తెలుగు ఉపన్యాసం సాగనివ్వని ఆ 1921 సభకు అధ్యక్షత వహించినది కూడా ఈ కార్వేయే కావడం విశేషం.

మితవాదం, విమర్శ

1940ల నాటికి రావి నారాయణరెడ్డి మొదలైనవారి నాయకత్వంలో ఆంధ్రమహాసభ రైతు పోరాటాలవైపు మళ్ళింది. 1944లో భువనగిరి సభ అనంతరం అది రెండుగా చీలింది. హనుమంతరావు మితవాదుల పక్షాన నిలిచాడు. వినతిపత్రాలతో వెట్టి పోదన్న అతివాదుల మాటలో నిజం ఉంది. గ్రామాలలో అది పోరాటం తరువాతనే సడలింది. అయితే అనుమతి లేనిదే సభ జరగని రోజులలో ఆయన పద్ధతి కాక మరొకటి ఇరవై ఏళ్ళు నిలిచి ఉండేదా అన్నది సందేహమే.

పదవులు, రచనలు

హైదరాబాదు రాజ్యం భారతదేశంలో విలీనమైన పిదప, 1951లో ఆయన నగర తొలి మేయరుగా ఎన్నికయ్యాడు. అప్పటికి ఆయన వయస్సు అరవై ఆరేళ్ళు. నీరు, మురుగు, వీధులు, వీటి గురించి అర్జీలు రాసిన వకీలు ఇప్పుడు ఆ అర్జీలను అందుకొనే స్థానంలో కూర్చున్నాడు. 1955లో పద్మభూషణ్ పురస్కారం పొందాడు. 1958 నుండి 1964 వరకు ఆంధ్రప్రదేశ్ శాసనమండలి అధ్యక్షుడుగా ఉన్నాడు.

రెండు భాగాలుగా వెలువడిన "తెలంగాణా ఆంధ్రోద్యమము" ఆయన ముఖ్యగ్రంథం. తాను నడిపిన సంస్థల చరిత్రను తానే రాసినందున దానిని ఇతర రచనలతో సరిచూచుకొని చదవాలి. అయినా ఆ కాలపు సభలు, తీర్మానాలు తెలుసుకోవడానికి అది ముఖ్యమైన ఆధారం. "మల్లికాగుచ్ఛము" ఆయన కథల సంపుటి.

1970 నవంబరు 11న హనుమంతరావు మరణించాడు.