సిడ్ బారెట్

పాశ్చాత్య సంగీతప్రియులలో పింక్ ఫ్లాయిడ్ బృందం పేరు విననివారు అరుదు. ఆ పేరు పెట్టినవాడెవరని అడిగితే మాత్రం చాలమంది తడుముకొంటారు.

అతని అసలు పేరు రోజర్ కీత్ బారెట్. 1946 జనవరి 6న ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జన్మించినాడు. వైద్యుడైన తండ్రి 1961 డిసెంబరులో, కుమారునికి పదహారేండ్లు నిండకముందే గతించినాడు. చిత్రలేఖనం అభ్యసించుటకు లండను చేరిన బారెట్, అక్కడ బాల్యమిత్రుడు రోజర్ వాటర్స్ మొదలైనవారి వాద్యబృందంలో కలిసినాడు. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు అమెరికన్ నల్లజాతి గాయకుల పేర్లు జోడించి బృందానికి నామకరణం చేసినాడు.

వేళ్ల వేగంలో అతనిని మించిన వాదకులు ఆనాడే ఎందరో ఉన్నారు. అతని ప్రతిభ వేరు. గిటారు తీగలపై సిగరెట్టు లైటరును జార్చి, ఆ నాదాన్ని ప్రతిధ్వని యంత్రం గుండా పంపి, చిత్రకారుడు రంగులు కలిపినట్లు ధ్వనులను కలిపేవాడు. మూడు నిమిషాల పాట హద్దు దాటి, పిమ్మట ప్రోగ్రెసివ్ రాక్ అనిపించుకొన్న బాణీకి దారి తీసినవారిలో అతడొకడు. 1967 ఆగస్టులో వెలువడిన తొలి ఆల్బంలోని పదకొండు రచనలలో ఎనిమిది అతడొక్కడే కూర్చినవి.

ఆ ఏడాదే పతనం ఆరంభమైనది. ఎల్.ఎస్.డి. అనే మత్తుమందు విరివిగా వాడినాడు. వేదికపై గిటారు పట్టుకొని వాయించక నిలిచిపోయేవాడు. మత్తే మతిని చెరచినదో, లోన పొంచియున్న వ్యాధిని మత్తు మేల్కొలిపినదో నేటికీ తేలలేదు. 1968 జనవరిలో ఒకనాడు కచేరీకి పోతూ, మిత్రులు అతనిని వెంట తీసికొని పోలేదు. దీనిని ద్రోహమనుట సులభం. కాని వారును ఇరువదేండ్లు దాటిన కుర్రవారే. అతని స్థానంలోనికి వచ్చిన డేవిడ్ గిల్మోరే, వాటర్స్‌తో కలిసి, 1970లో అతని సొంత ఆల్బం వెలువడుటకు తోడ్పడినాడు.

1975 జూన్ 5న బృందం లండనులోని అబీ రోడ్ స్టూడియోలో బారెట్‌ను తలచి కట్టిన దీర్ఘగీతాన్ని సిద్ధం చేయుచుండగా, తలా కనుబొమలూ గొరిగించుకొన్న స్థూలకాయుడొకడు లోనికి వచ్చినాడు. చాలసేపు ఎవరును గుర్తింపలేదు. బారెట్టేనని తెలిసి కొందరు కన్నీరు పెట్టుకొన్నారు.

పిమ్మట అతడు సంగీతం వైపు చూడలేదు. సిడ్ అన్న పేరూ విడిచి, కేంబ్రిడ్జిలో తోటపని చేసికొనుచు, బొమ్మలు వేయుచు కాలం గడిపినాడు. వేసిన బొమ్మలను ఫొటో తీసి, తానే నాశనం చేసేవాడు. 2006 జూలై 7న క్యాన్సరుతో మరణించినాడు. మిగిలిన కొద్ది చిత్రాలను, అతని సైకిళ్లను ఆ నవంబరులో వేలం వేసినారు.