కులపతి శ్రీ రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు

సంస్కృతమున కులపతి యను మాటకు కులపెద్ద యని యర్థము కాదు. పదివేలమంది శిష్యులకు అన్నమిడి విద్య చెప్పు ఋషిని పూర్వులు కులపతి యనిరి. అచ్చటి కులము పుట్టుకవలన నేర్పడినది కాదు; విద్యవలన నేర్పడినది. ఆంధ్రదేశమున ఈ బిరుదమును లోకులు నిండుమనస్సుతో నొసగినది శ్రీ రఘుపతి వేంకటరత్నము నాయుడుగారికి. కులభేదమును పాటింపని యా మహనీయుని చరిత్రమును మన సంఘ వార్షిక మహాసభా సంచికలో స్మరించుట కొందరికి వింతగా తోపవచ్చును. అయినను, విద్యార్థుల చదువులకై విరాళము లిచ్చు దాతలును, వారిని బడికి పంపు తల్లిదండ్రులును తెలిసికొనదగిన విషయ మందొకటి గలదు. అది, గురువు తన శిష్యుని చేత తలపోయించుట, తలచినదానిని నిర్భయముగా పలికించుట.

నాయుడుగారు 1862వ సంవత్సరము అక్టోబరు 1వ తేదిని బందరునందు జన్మించిరి. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యమున సుబేదారు. తండ్రి యుద్యోగరీత్యా బాల్యము కొంత ఉత్తరదేశమున గడచుటచే, తెలుగుతోపాటు హిందీ, ఉర్దూ, పారసీ భాషల పరిచయము చిన్ననాడే కలిగినది. పిమ్మట హైదరాబాదున చదివి, చెన్నపురి క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులైరి. ఆ కళాశాలకు ప్రధానాచార్యులైన విలియం మిల్లరు దొరగారి ప్రభావము వారిపై మిక్కుటము. కాని నాయుడుగారు క్రైస్తవులు కాలేదు. బ్రహ్మసమాజ మతమును స్వీకరించిరి. గురువును పూజించుట వేరు, గురువు పోయిన త్రోవనే పోవుట వేరు. ఈ భేదమును వారు శిష్యులుగా నుండగనే గుర్తెరిగిరి. గురువులైన పిమ్మటను మరువలేదు.

పందొమ్మిదవ శతాబ్దము చివరి దశకమున వారు బందరు నోబిలు కళాశాలలో ఆంగ్లసాహిత్యమును బోధించిరి. రాబర్టు నోబిలు దొరగారు 1843లో స్థాపించిన పాఠశాలయే అట్లు కళాశాలగా పెరిగినది. క్రైస్తవులు నడుపు విద్యాలయమున బ్రాహ్మమతస్థు డొక డాచార్యుడగుట ఆ కాలమునకు సామాన్యము కాదు. వారి పాఠము పద్యమునకు అర్థము చెప్పుటతో ముగియునది కాదు. కావ్యమునందలి ధర్మసందేహము శిష్యుని బ్రతుకులోని ధర్మసందేహముగా మారెడిది. అప్పటి పెండ్లిండ్లలో భోగముమేళము లుండుట పరిపాటి. దానిని గౌరవచిహ్నముగా నెంచు పెద్దలే యెక్కువ. ఆ యాచారమును, మద్యపానమును, అస్పృశ్యతను ప్రశ్నింపవలెనన్న తలంపు ఎందరో యువకులకు నాయుడుగారి సన్నిధిని కలిగినది.

మన మెట్టసీమనుండి బెజవాడమీదుగా బందరుకు చదువులకు పోయినవారిలో నందిగామయందు జన్మించిన శ్రీ అయ్యదేవర కాళేశ్వరరావుగా రొకరు. నాయుడుగారి ప్రభావము వారిపై చెరగని ముద్ర వేసినది. ఆయన పిమ్మట స్వాతంత్ర్యసమరమున పాల్గొని, 1956లో ఆంధ్రప్రదేశ శాసనసభకు ప్రథమ సభాపతియైరి. పదిమంది మాటాడుచోట ప్రతివానికి తన వంతు మాట దక్కునట్లు చూచుటయే గదా సభాపతి ధర్మము! కృష్ణాపత్రికకు సంపాదకులైన ముట్నూరి కృష్ణారావుగారు, 1910లో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాలకు మూలస్తంభమైన కోపల్లె హనుమంతరావుగారు, కాంగ్రెసు నాయకులైన భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు, వీరెల్లరును ఆ గురువు నీడను పెరిగినవారే.

ఇందొక విశేషమును గమనింపవలెను. నాయుడుగారు రాజకీయోద్యమములకు దూరముగా నుండిరి. 1924లో ప్రభుత్వమువారు వారికి సర్ బిరుదము నొసగిరి. వారి శిష్యులో, ఆ ప్రభుత్వమునే ఎదిరించి చెరసాలలకు పోయిరి. అయినను గురువునందు వారి భక్తి తరుగలేదు. శిష్యుడు గురువుతో భేదించియు గురువును ప్రేమింపగలిగిన చోటనే విద్య సఫలమైనదని చెప్పవలెను.

1899లో నాయుడుగారు సికిందరాబాదు మహబూబు కళాశాలకు ప్రధానాచార్యులై వెడలిరి. 1904 మొదలు 1919 వరకు కాకినాడ పిఠాపురపు రాజావారి కళాశాలకు ప్రధానాచార్యులై యుండిరి. బాలురతో గూడ బాలికలను తరగతిలో కూర్చుండబెట్టిరి. అంటరానివారని లోకము త్రోసివేసిన పిల్లలను చేరదీసిరి. పిఠాపురము రాజా సూర్యారావు బహద్దూరువారి ఔదార్యమున అనాథశరణాలయము వెలసినది. గురువునకు ఆశయము, దాతకు ధనము ఉండుట అరుదు కాదు. ఆ రెండును ఒకచోట కలియుటయే అరుదు. 1925 నుండి 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి. యౌవనముననే భార్యావియోగము పొందియు మరల పెండ్లియాడక, తెల్లని వస్త్రములే ధరించుచు ఋషివలె జీవించి, 1939వ సంవత్సరము మే 26వ తేదిని పరమపదించిరి.

ప్రశ్నించుట నేర్చినచో పిల్లలు పెద్దలను ధిక్కరింతురని కొందరి భయము. ఈ భయము క్రొత్తది కాదు. కలకత్తా హిందూ కళాశాలలో డిరోజియో అను యువోపాధ్యాయుడు 1828లో శిష్యులచేత చర్చాసభ పెట్టించెను. 1831లో పెద్దలాతనిని కొలువునుండి తొలగించిరి. ఆ సంవత్సరాంతముననే యాతడు మరణించెను. పెద్దల కోపము చర్చ నాపలేకపోయెను. ఆతని శిష్యులు వంగదేశమున పేరెన్నికగన్న వారైరి.

మన శాస్త్రకారు లీ విషయమును చక్కగా విభజించిరి. తత్త్వము తెలియుటకై చేయునది వాదము. గెలుపుకై చేయునది జల్పము. తనకొక పక్షము లేక ఎదుటివానిని ఖండించుటయే పనిగా గలది వితండము. తరగతిలో కావలసినది మొదటిది. ప్రశ్నోపనిషత్తున ఆర్గురు శిష్యులు సమిధలు చేబూని పిప్పలాదుని చేరి, ఏడాది నియమముతో నుండి, పిమ్మట ఒక్కొక్కరుగా ప్రశ్నించిరి. ప్రశ్నకు వినయ మడ్డము కాదని దీని భావము. శాస్త్రగ్రంథములలో సిద్ధాంతమునకు ముందు పూర్వపక్షము నడచును. ఎదుటివాని మాటను వాడే మెచ్చునంత చక్కగా చెప్పి, ఆ తరువాతనే సమాధానము చెప్పవలెను. ఈ నియమము నొక్కటి బాలురకు నేర్పినచో తరగతిలో కలహ మేల పుట్టును?

జగ్గయ్యపేట, నందిగామలు పూర్వము కృష్ణామండలములోనివి. 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోనివి. జిల్లా పేరు మారినను బడిలో పిల్లవాని మౌనము మారలేదు. చాలచోట్ల ఉపాధ్యాయుడు చెప్పును, పిల్లలు వ్రాసికొందురు, పరీక్షలో అప్పగింతురు. సందేహ మడిగిన పిల్లవానికి ఎదురు మాటాడువాడను పేరు వచ్చును. బాలికకైన నా పేరు మరి త్వరగా వచ్చును.

కావున దాతలకు నా విన్నపము. మీరు కట్టించు వసతిగృహములలో వారమున కొక గడియ చర్చకై విడువుడు. విషయమును ముందునాడే తెలుపుడు. జంకు గలవానిని మొదట మాటాడింపుడు. ఆడుపిల్లలకు వెనుకవరుస గాక ముందువరుస నిండు. ఏ కులపు పిల్లవాడు వచ్చి కూర్చుండినను లెమ్మనకుడు. గోడమీద చెక్కించిన దాత పేరు వర్షమునకు మాసిపోవచ్చును. నోరు విప్పి న్యాయము పలుకు నేర్చిన బాలుడు, బాలిక ఆ పేరును మరికొన్ని తరములు నిలుపుదురు. అట్టి పిల్లలు పెరిగిననాడు మన సంఘమును కులపతియొక్క కులములో చేరినదే యగును.