గండిపేట నీళ్లు, విశ్వేశ్వరయ్య లెక్క

సెప్టెంబర్ 15 వస్తే ఇంజినీరింగ్ కాలేజీలల్ల మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఫొటోకు దండలేస్తరు. డ్యామ్‌లు, గేట్లు అని స్పీచ్‌లు దంచుతరు. నల్లా బిల్లు ముచ్చట మాత్రం ఎవ్వరూ ఎత్తరు. నన్నడిగితే ఆయన పనిల మనకు పనికొచ్చే ముచ్చటే గది.

పుట్టింది 1861ల, మైసూరు రాజ్యంల ముద్దెనహళ్లి. తాత ముత్తాతలది తెలుగు నేల మీది మోక్షగుండం. చిన్నప్పుడే తండ్రి పోయిండు. ట్యూషన్లు చెప్పుకుంట బెంగళూరుల బీఏ చదివిండు. మైసూరు సర్కారు స్కాలర్‌షిప్ ఇస్తే పుణెల ఇంజినీరింగ్ చేసి, బొంబాయి సర్కారు కొలువుల చేరిండు.

అక్కడికెళ్లి ఆయన్ను సింధు నది ఒడ్డున ఉన్న సుక్కూరుకు తోలిండ్రు. ఇప్పుడది పాకిస్తాన్ల ఉన్నది. నది నీళ్లేమో బురద బురద. ఫిల్టర్ బెడ్లు కట్టాల్నంటే మున్సిపాలిటీ కాడ పైసల్లేవు. పైసల్లేవని పని ఆపలే. నదిలనే, ఒడ్డు పొంటి పెద్ద బాయి తవ్విపిచ్చిండు. ఇసుకలకెళ్లి ఊరొచ్చే సరికి నీళ్లు తేటగైతయి. మనం వాగుల చెలిమె తవ్వుకుంటం సూడుండ్రి, అచ్చం గట్లనే. ఆ నీళ్లను గుట్ట మీదికెక్కిచ్చి ఊరికి ఇడిచిండ్రు. 1895ల పని అయిపోయింది.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్ల వేలమంది కొట్టుకపోయిండ్రు. నిజాం సర్కారు పిలిస్తే మరుసటేడు వచ్చిండు. సిటీకి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి కట్టలు కట్టాలని రిపోర్టు రాసిచ్చి మైసూరుకు పోయిండు. గండిపేట ఆయనే కట్టిండని చానమంది అంటరు గని, ప్లాన్ ఆయనది, పైసలు సర్కారు ఖజానయి, చెమట కూలోళ్లది. 1920ల ఉస్మాన్‌సాగర్, 1927ల హిమాయత్‌సాగర్ అయినయి. వరద ఆపేటందుకు కట్టినయే సిటీకి తాగునీళ్లిచ్చినయి.

గండిపేట సిటీ కంటే ఎత్తుల ఉంటది. నీళ్లు వాటంతట అవే ఆసిఫ్‌నగర్ దాక పారుతయి, మోటర్ అక్కర్లే. ఇప్పుడు కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్ల పైన మోటర్లు పెట్టి ఎత్తిపోసుకుంట తెస్తున్నరు. 2021ల సిటీల నెలకు 20 వేల లీటర్లు ఫ్రీ చేసిండ్రు. మంచిదే, పేదోనికి ఆసర. గని ఆ మోటర్ల కరెంటు బిల్లు ఫ్రీ కాదు, గది మన పన్నుల్లకెళ్లే కట్టాలె.

విశ్వేశ్వరయ్య డ్రైనేజీ పని మీద 1922ల మళ్ల హైదరాబాద్ వచ్చిండు. 1955ల భారతరత్న ఇచ్చిండ్రు. నూరేండ్లు దాటినంక, 1962 ఏప్రిల్ 14న బెంగళూరుల కన్నుమూసిండు. గండిపేట నీళ్లు కొన్ని ఇప్పటికీ సిటీ నల్లాలల్ల వస్తనే ఉన్నయి.