ఒగోని రచయిత కెన్ సారోవీవా

నైజీరియాలో నైజరు నది సాగరమున కలియు ప్రాంతమున ఒగోని యను చిన్న సీమ కలదు. సేద్యము, చేపలవేట అచటివారి జీవనము. 1941లో కెన్ సారోవీవా ఆ సీమలోని బోరియందు జన్మించెను. అతడు విద్యార్థిగా నున్న 1958లో ఆ నేలలో చమురు బయల్పడెను. గొట్టములు పగిలి చమురు పొలములను, వాగులను ముంచెను. చమురుబావులచెంత వాయువును రేయింబవళ్లు మండించుటచే ఊళ్లకు పొగయు మసియు మిగిలెను. ధనము మాత్రము ప్రభుత్వమునకును కంపెనీలకును చేరెను.

సారోవీవా నవలాకారుడు, టెలివిజన్ హాస్యనాటికలతో దేశమంతట పేరుగాంచినవాడు. సుఖముగా కాలము గడుపదలచిన అతనికి కొదువ లేదు. అయినను 1990లో ఒగోని ప్రజోద్యమమునకు పూనుకొనెను. 1993 జనవరి 4న సుమారు 3 లక్షలమంది, అనగా ఒగోనీలలో సగముకంటె ఎక్కువమంది, శాంతియుతముగా ఊరేగిరి. ఆ యేడే షెల్ కంపెనీ అచట చమురు తీయుట మానెను.

1994లో నలుగురు ఒగోని పెద్దలు హతులైరి. సైనిక ప్రభుత్వము ఆ నేరమును సారోవీవాపై మోపి ప్రత్యేక న్యాయస్థానమున విచారించెను. అప్పీలునకు తావులేని ఆ తంతును న్యాయవిచారణ యనుట కష్టము. 1995 నవంబరు 10న అతనిని, ఎనమండుగురు సహచరులను ఉరితీసిరి.

2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ఒగోని నేలను, నీటిని పరీక్షించి నివేదిక ప్రకటించెను. ఒక గ్రామమున జనులు త్రాగు బావినీటిలో క్యాన్సరు కలిగించు బెంజీను, ప్రపంచ ఆరోగ్యసంస్థ విధించిన హద్దుకు 900 రెట్లు మించి యుండెను.