నిత్యలేఖన వ్రతుడు ఏనుగుల వీరాస్వామయ్య

ఈ సంచికకై మన పాఠశాల పూర్వచరిత్రను సేకరింప బూనినప్పుడు పాత రిజిస్టర్లన్నీ తిరగవేశాము. ఎవరు ఏ తేదీన చేరినారో, ఎన్ని మార్కులు వచ్చినవో తెలిసినది. కాని ఆనాటి పిల్లలు ఎంత దూరము నడిచి వచ్చేవారు, మధ్యాహ్నము ఏమి తినేవారు, వాన కురిసిన నాడు పాఠము ఎక్కడ జరిగేది అన్న సంగతులు ఒక్క కాగితము మీదనైనా కానరాలేదు. ఆ లోటు మనసును కలచినప్పుడే నాకు ఏనుగుల వీరాస్వామయ్యగారు జ్ఞప్తికి వచ్చినారు.

వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు తెలుగువారు. బాల్యముననే తండ్రిని కోల్పోయి, స్వయంకృషితో ఆంగ్లము నేర్చి, చిన్న ఉద్యోగముతో జీవనము ప్రారంభించి, క్రమముగా మద్రాసు సుప్రీముకోర్టులో ప్రధాన దుబాసీ పదవిని అలంకరించినారు. ఒకరి మాటను వేరొకరి భాషలో అర్థము చెడకుండ వినిపించుటయే ఆయన వృత్తి. పగలంతయు పరభాషల నడుమ మెలగిన ఆ పెద్దమనిషి తన అనుభవములను వ్రాసుకొనుటకు మాత్రము మాతృభాషనే ఎన్నుకొనుట గమనింపదగినది.

1830వ సంవత్సరము మే 18న ఆయన కాశీయాత్రకు బయలుదేరినారు. పరివారముతో కలిపి సుమారు నూరుగురు ఆయన వెంట నడిచినారు. మన దేశమున అప్పటికి రైలు లేదు, తంతితపాలా లేదు. ఎక్కువ భాగము పల్లకీ, కొంత దూరము గంగపై పడవ. తిరుపతి, కడప, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము, జబ్బలుపురము మీదుగా ప్రయాగ, కాశి చేరి, గయను, కలకత్తాను, పూరీ జగన్నాథమును దర్శించి, శ్రీకాకుళము, రాజమహేంద్రవరము, నెల్లూరు మార్గమున 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరినారు. పదిహేను నెలలకు పైబడిన ప్రయాణమది.

కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెగారు ఆయనకు ఆప్తమిత్రులు. మార్గవిశేషములను తెలుపవలెనని ఆ మిత్రుడు కోరగా వీరాస్వామయ్యగారు తేదీల వారీగా, మజిలీల వారీగా వ్రాసి పంపుచు వచ్చినారు. ఏ ఊరు ఎంత దూరము, దారి రాతినేలయా రేగడినేలయా, మంచినీరు కలదా, అంగళ్ళలో సరుకులు దొరుకునా, దిగుటకు సత్రము ఉన్నదా, ఏటిని ఎట్లు దాటవలెను, ఏ సీమలో ఎవరి పాలన, దొంగల భయమెంత అన్నవి ఆయన వ్రాసిన విషయములు. వెనుక వచ్చు యాత్రికుడు దారి తప్పరాదని, ఆకలికి అలమటింపరాదని ఆయన తపన. నడుమ నడుమ ఆచారములను గూర్చియు, దైవమును గూర్చియు తన ఆలోచనలను చేర్చినారు. ఎండయైనను, వానయైనను, ప్రయాణపు బడలికయైనను ఆ వ్రాత సాగినది.

ఆయన పండితశైలికై పాకులాడలేదు. నిత్యము మాట్లాడుకొను తెలుగులో, వాడుకలోనున్న హిందుస్తానీ, అరవ, ఆంగ్ల పదములను విడువక వ్రాసినారు. తెలుగు వచనము ఇంకను తొలి అడుగులు వేయుచున్న ఆ దినములలో అది సామాన్య విషయము కాదు.

1836లో ఆయన కీర్తిశేషులైనారు. తన వ్రాత పుస్తకముగా వెలువడుట ఆయన చూడనేలేదు. మిత్రుడు పిళ్ళెగారు భద్రపరచిన ఆ రచన 1838లో 'కాశీయాత్ర చరిత్ర' పేరిట అచ్చయినది. పిదప చరిత్ర పరిశోధకులు దిగవల్లి వేంకట శివరావుగారు దానిని పరిష్కరించి 1941లో మరల ప్రకటించినారు. ఒకరు వ్రాసినారు, ఒకరు దాచినారు, ఒకరు వెలికితీసినారు. అందువలననే ఆనాటి పల్లెల, బాటల, సంతల ముచ్చటలు నేడు మనము చదువుకొనగలుగుచున్నాము.

మన అత్తిబెలె కర్ణాటకమునకు, తమిళనాడునకు సరిహద్దు. ఇక్కడి బిడ్డ ఇంటిలో తెలుగు, అంగడిలో కన్నడము, హోసూరు వెళ్ళినచో తమిళము, ఉద్యోగమున ఆంగ్లము మాట్లాడును. ఇది మన భాగ్యమే. అయితే బడి విడిచిన పిదప తెలుగు నాలుక మీద నిలిచినంతగా చేతివేళ్ళలో నిలుచుట లేదు. ఉత్తరములు పోయి ఫోనులు వచ్చిన తరువాత నేను సైతము దినచర్య వ్రాయుట మానివేసితిని. ఆ పుస్తకమును ఈ సంచిక పని మొదలైన నాటి నుండి మరల తెరచినాను.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. రాత్రి భోజనమునకు ముందు పిల్లలచేత నాలుగు పంక్తులు తెలుగులో వ్రాయించండి. నాటి వాన, నాటి కూర, నాటి పాఠము, ఏదైనను సరే. తప్పులు దిద్దుటకు తొందరపడకండి; ఆ పుస్తకమును మాత్రము పారవేయకండి. పూర్వ విద్యార్థులు తమ బడి జ్ఞాపకములను వ్రాసి పంపినచో భద్రపరచు బాధ్యత మాది. శతజయంతి సంచికకు పూనుకొను వారు మావలె ఖాళీ కాగితములను చూచి నిట్టూర్చకుందురు గాక.